కిలిమంజారో, ఆ తర్వాత సఫారీ: గుంటూరులో ఉండి ఎలా సిద్ధం కావాలి?

బ్రాడీపేట లెక్కల టీచరు:

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. వయసు నలభై ఆరు. మా తమ్ముడు ఉద్యోగరీత్యా ఆఫ్రికాలో, టాంజానియాలోని దారెస్సలాంలో ఉంటున్నాడు. "ఒక్కసారి రా అక్కా, కిలిమంజారో ఎక్కుదాం, అటునుంచి అటే అడవి జంతువులను చూసి వద్దాం" అని ఎప్పటినుంచో పిలుస్తున్నాడు. ఈసారి వెళ్లాలని గట్టిగా నిశ్చయించుకున్నాను.

ఒక టూర్ సంస్థవాళ్లు మే నెలకు ఒక ప్యాకేజీ చెప్పారు. మొదట నాలుగు రోజులు సఫారీ, తర్వాత మరంగు దారిలో అయిదు రోజుల్లో కొండ ఎక్కి దిగడం. గుడారాలు కాకుండా గుడిసెల్లో పడక ఉంటుందని, అన్ని దారుల్లోకీ ఇదే సులువని అంటున్నారు. ఖర్చు కూడా తక్కువే. వేసవి సెలవులు కాబట్టి నాకూ అనుకూలంగానే ఉంది.

నా సందేహాలు ఇవి. రోజూ పొద్దున్న గంటసేపు నడుస్తాను, కానీ కొండలు ఎక్కిన అలవాటు లేదు. గుంటూరు ఎండల్లో ఉంటూ అంత చలికి, అంత ఎత్తుకు ఎలా సిద్ధం కావాలి? బీపీకి మాత్ర వేసుకుంటున్నాను, అదుపులోనే ఉంది. వెళ్లవచ్చా? ఏ టీకాలు వేయించుకోవాలి? నేను శాకాహారిని, పైన ఏం తినాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

పటమట పాదచారి:

టీచరు గారూ, ముందు ఆ అయిదు రోజుల ప్యాకేజీని పక్కన పెట్టండి. మిగిలినవన్నీ ఆ తర్వాతే.

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. కాలువ గట్ల మీద లెవెళ్లు చూడడమే ఉద్యోగం. అందుకే కొండకు బయలుదేరే ముందు దారి ఎన్ని కిలోమీటర్లని చూడలేదు, ఏ రాత్రి ఏ ఎత్తులో పడుకుంటామో కాగితం మీద వేసుకున్నాను. మీరు లెక్కల టీచరు కాబట్టి మీరూ అదే చేయండి. మరంగు దారిలో మొదటి రాత్రి మండారా గుడిసెల్లో, 2,720 మీటర్లు. రెండో రాత్రి హొరొంబో, 3,720. మూడో రాత్రి కిబో, 4,700 పైచిలుకు. అక్కడ నడుం వాల్చిన కాసేపటికే, అర్ధరాత్రి వేళ లేపి 5,895 మీటర్ల ఉహురు శిఖరానికి నడిపిస్తారు. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు అయిదు వందల మీటర్లకు మించి పెరగకూడదన్నది పర్వత వైద్యులు చెప్పే నియమం. హొరొంబో నుంచి కిబోకు ఒక్క రోజులోనే వెయ్యి మీటర్లు పెరుగుతుంది. దారి సులువైనదే, కాదనను. బాట వెడల్పు, వాలు తక్కువ. కానీ ఒంటికి ఇచ్చే గడువు చాలదు. ఉహురు దగ్గర గాలి ఒత్తిడి మన గుంటూరులో ఉండేదానిలో ఇంచుమించు సగం. ఆ సగం గాలితో బతకడం ఒళ్లు నేర్చుకోవాలంటే రాత్రులు కావాలి. కండబలం ఎంత ఉన్నా ఆ రాత్రులకు బదులు కాదు. దృఢంగా ఉన్న కుర్రాళ్లు వేగంగా నడిచి, కిబో దగ్గర వాంతులు చేసుకుంటూ వెనక్కి తిరిగే సందర్భాలు అందుకే ఉంటాయి.

మీరు అడగవలసింది ఎనిమిది రోజుల లెమోషో దారి. అది కుదరకపోతే ఏడు రోజుల మచామే. ఈ రెండింటిలోనూ మధ్యలో ఒకరోజు 4,600 మీటర్ల లావా టవర్ దాకా ఎక్కించి, భోజనం పెట్టి, మళ్లీ కిందకు దించి 3,960 మీటర్ల బరాంకోలో పడుకోబెడతారు. మొత్తం యాత్రలో అతి విలువైన రోజు అదే. ఆ సాయంత్రం చాలామందికి తలనొప్పి వస్తుంది, తెల్లవారేసరికి తగ్గుతుంది. మర్నాడు బరాంకో గోడ. ఫొటోల్లో చూస్తే గుండె జారుతుంది కానీ చేతులు ఆనించి ఎక్కే బండరాళ్లే, తాళ్ల పని లేదు. ఆ రాత్రి కరంగాలో, 3,995 మీటర్లు. అంటే రెండు రాత్రులు దాదాపు ఒకే ఎత్తులో గడుస్తాయి. ఆ తర్వాతే 4,670 మీటర్ల బరాఫు, అక్కడి నుంచి శిఖరం. ఆరు రోజుల మచామేలో ఈ కరంగా రాత్రిని ఎత్తేస్తారు. ధర తగ్గేది అక్కడే. పార్కు రుసుములే రోజుకు వంద డాలర్లు దాటుతాయి కాబట్టి ఒక రోజు తగ్గిస్తే ప్యాకేజీ చవకగా కనిపిస్తుంది. బూట్ల మీద, జాకెట్ల మీద పెట్టదలచిన డబ్బు ఏదైనా మిగుల్చుకోగలిగితే ఈ అదనపు రోజులకు పెట్టండి. స్లీపింగ్ బ్యాగు, మందపాటి జాకెట్, చేతికర్రలు కొండ కింది ఊరు మోషీలో అద్దెకు దొరుకుతాయి. రాత్రులు అద్దెకు దొరకవు.

మే నెల అసలు వద్దు. మార్చి మధ్య నుంచి మే దాకా అక్కడ పెద్ద వానలు. అడవి దారంతా బురద, పైన మంచు, శిఖరం మబ్బులో. జూన్ నుంచి అక్టోబరు వరకు పొడి కాలం. దసరా సెలవులకు మరికొన్ని రోజుల సెలవు కలుపుకుంటే కొండకూ సఫారీకీ సరిపోతుంది. పంచాంగం దగ్గర పెట్టుకుని, శిఖరం రాత్రి పౌర్ణమికి దగ్గరగా పడేలా చూసుకోగలిగితే వెన్నెలలో నడవవచ్చు.

ఇక సాధన. చదునైన రోడ్డు మీద గంట నడక మంచిదే కానీ అది చాలదు. మంగళగిరి మెట్లు తెల్లవారకముందే ఎక్కండి, వీపున నీళ్ల సీసాలతో ఆరేడు కిలోల బరువు పెట్టుకుని. ఆదివారాలు కొండవీడు కోటకు నడిచి వెళ్లండి. వారంలో ఒక్కరోజు విపరీతంగా కష్టపడి ఆరు రోజులు విశ్రాంతి తీసుకోవడం కంటే శని, ఆదివారాలు వరసగా నడవడం మేలు. నిన్నటి అలసట ఒంట్లో ఉండగానే ఇవాళ నడవడం అక్కడ తప్పదు. ఎక్కేటప్పుడు నోరు మూసుకుని ముక్కుతోనే ఊపిరి తీసుకోగలిగినంత నెమ్మదిగా ఎక్కండి. కొండ మీద మీ వేగం అదే కావాలి.

దిగడాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. శిఖరం చేరిన రోజే 5,895 నుంచి 3,100 మీటర్ల మ్వెకా దాకా, 2,800 మీటర్లు దిగాలి. మోకాళ్లు అక్కడ తేలిపోతాయి. అందుకని మెట్లు ఎక్కిన తర్వాత తిరిగి ఆటోలో దిగకండి. నెమ్మదిగా, మోకాలు కొద్దిగా వంచి, బరువుతోనే దిగండి.

శిఖరం రాత్రి గురించి ఒక్క మాట. సున్నాకు పది, పదిహేను డిగ్రీలు దిగువన చలి ఉండవచ్చు. నుదుటి లైటు వెలుగులో ముందు మనిషి మడమలు తప్ప మరేమీ కనిపించదు. కాళ్ల కింద నేల బూడిదా గులకరాళ్లూ కలిసిన వాలు, అడుగు వేస్తే సగం అడుగు వెనక్కి జారుతుంది. వీపు సంచిలోంచి నీళ్లు పీల్చుకునే గొట్టం గంటలో గడ్డకడుతుంది కాబట్టి మూత గట్టిగా బిగించిన సీసాలో గోరువెచ్చటి నీళ్లు పోసి, మేజోడు తొడిగి, సంచిలో తలకిందులుగా పెట్టండి. మంచు పైనుంచి కడుతుంది. సీసా తలకిందులుగా ఉంటే అది అడుగు వైపు చేరుతుంది, మూత దగ్గర నీళ్లు నీళ్లుగానే ఉంటాయి. ఫోను, లైటు బ్యాటరీలు లోపలి చొక్కా జేబులో ఉండాలి. చలికి అవి చూస్తుండగానే దిగిపోతాయి. తెల్లవారే వేళకు స్టెల్లా పాయింట్, 5,756 మీటర్లు. చాలామంది అక్కడ కూలబడిపోతారు. ఉహురుకు ఇంకా గంట నడక ఉంటుంది. ఆ గంట కోసం కొంచెం బలం మిగుల్చుకోండి.

సూర్యారావుపేట వైద్యుడు:

పైన చెప్పిన రాత్రుల లెక్క పూర్తిగా సరైనది. వైద్యం వైపు నుంచి కొన్ని మాటలు చెబుతాను. ఇవి మీ డాక్టరుతో మాట్లాడడానికే తప్ప వారికి బదులు కాదు.

మాత్రతో అదుపులో ఉన్న బీపీ వెళ్లడానికి అడ్డు కాదు. ఇప్పుడే ఒక ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష, రక్తంలో సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చూపించుకోండి. మీ బీపీ మాత్రలో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు కలిసి ఉందేమో చీటీ చూసి చెప్పండి. ఎందుకంటే ఎత్తు జబ్బు (పైన పలచటి గాలికి వచ్చే తలనొప్పి, వాంతులు) రాకుండా వాడే అసిటజోలమైడ్ కూడా మూత్రాన్ని పెంచుతుంది. సాధారణంగా 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి మొదలుపెడతారు. సల్ఫా మందులు పడనివారు ముందే చెప్పాలి. ఇంటి దగ్గరే రెండు రోజులు వేసుకుని చూడండి. వేళ్లు, పెదవుల చుట్టూ చిమచిమలాడుతుంది, సోడా రుచి చప్పగా అనిపిస్తుంది. ఇవి మందు గుణాలని ముందే తెలిస్తే కొండ మీద కంగారు పడరు.

గుర్తుపెట్టుకోవలసిన ప్రమాద సంకేతాలు రెండు. కూర్చుని ఉన్నా ఆయాసం తగ్గకపోవడం, దానికి తోడు దగ్గు: ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. మాట తడబడడం, గీత గీసి ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్లు ఆనించి నడవమంటే తూలిపోవడం: మెదడు వాస్తోందని అర్థం. ఈ రెండింటికీ మందు కిందకు దిగడమే, అదీ వెంటనే, రాత్రయినా సరే. కొవిడ్ రోజుల్లో కొన్న ఆక్సిజన్ మీటరు ఇంట్లో ఉంటే తీసుకెళ్లండి. కానీ పైన అంకె ఎనభైల్లోకి దిగడం మామూలే, దాన్ని చూసి బెంబేలు పడకండి. మనిషి ఎలా ఉన్నారన్నదే ముఖ్యం. నిద్ర పట్టలేదని నిద్రమాత్రలు వేసుకోవద్దు.

మలేరియా మందు మానవద్దు. కొండ పైన దోమలు ఉండవు కానీ మోషీలో, సఫారీకి వెళ్లే తరంగీరే పార్కులో, దారెస్సలాంలో ఉంటాయి. అక్కడ ఎక్కువగా ఉండేది ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారం రకం. డాక్సీసైక్లిన్ అయితే వెళ్లడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగి వచ్చాక నాలుగు వారాలు వేసుకోవాలి. దానివల్ల చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది, కొండ మీద ఎండ తీవ్రం, కాబట్టి ముఖానికి, చేతులకు క్రీము తప్పనిసరి. అటోవాక్వోన్ ప్రోగ్వానిల్ ఖరీదైనా వచ్చాక వారం రోజులతో సరి. తిరిగి వచ్చిన తర్వాత ఎప్పుడు జ్వరం వచ్చినా "ఆఫ్రికా వెళ్లి వచ్చాను" అన్న మాట డాక్టరుకు మొట్టమొదట చెప్పండి.

ఎల్లో ఫీవర్ టీకా సంగతి. మీ విమానం అడిస్ అబాబా మీదుగానో నైరోబీ మీదుగానో ఉంటే, ఇథియోపియా, కెన్యా రెండూ ఎల్లో ఫీవర్ దేశాలంటూ మన ప్రభుత్వం పెట్టిన జాబితాలో ఉన్నవే. తిరుగు ప్రయాణంలో పసుపు కార్డు, అంటే టీకా వేయించుకున్న పత్రం, లేకపోతే ఆరు రోజుల వరకు విడిగా ఉంచే అధికారం విమానాశ్రయ ఆరోగ్యాధికారికి ఉంది. టీకా వేసిన పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. ఇది అన్ని ఆసుపత్రుల్లో వేయరు, గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అటువంటిది. గుడ్డు పడనివారికి ఈ టీకా వేయరు, ముందే చెప్పాలి.

ఉప్పలపాడు గూడబాతు:

అక్కా, నేనూ గుంటూరే. పక్షుల ఫొటోలు తీస్తాను. కొండ సంగతి పెద్దలు చెప్పారు, సఫారీ నాకు వదిలేయండి.

సఫారీ కొండ తర్వాతే పెట్టుకోండి. జీపులో రోజంతా దుమ్ములో కూర్చుని, వేళకాని వేళ తిని, కడుపు పాడు చేసుకుని కొండెక్కడం కంటే, కొండ దిగి వాచిన కాళ్లతో జీపులో కూర్చోవడం హాయి. పైగా కొండ మీద ఒకరోజు ఆలస్యమైనా సఫారీలో సర్దుకోవచ్చు.

మూడు నాలుగు రోజులే ఉంటే సెరెంగెటీ పార్కు కోసం పరుగులు పెట్టకండి. అది 14,763 చదరపు కిలోమీటర్లు. దసరా రోజుల్లో విల్డెబీస్ట్ అనే పెద్ద జింక జాతి మందలు ఉత్తరాన మారా నది దగ్గర ఉంటాయి, అక్కడికి రోడ్డు మీద వెళ్లి రావడానికే మీ రోజులు అయిపోతాయి. ఆ కాలానికి తగినది తరంగీరే. పొడి కాలం చివర చుట్టుపక్కల నీళ్లన్నీ ఇంకిపోయి ఆ ఒక్క నదే మిగులుతుంది కాబట్టి ఏనుగులన్నీ అక్కడికే చేరతాయి. ఇసుక నదిలో నీళ్లు పైకి కనిపించకపోతే తల్లి ఏనుగు ముందుకాలితో గుంట తవ్వి, ఊరిన నీళ్లు తాగి పక్కకు జరుగుతుంది. అప్పుడు పిల్ల వచ్చి తొండం పెడుతుంది. డ్రైవరుకు ముందే చెప్పండి: ఒక్కచోట బండి ఆపి గంటసేపు ఉంటామని. చాలామంది సింహం, సింహం అని పరిగెత్తించి ఇటువంటివి చూడకుండానే వస్తారు. నాకు అది నిజంగా బాధగా ఉంటుంది.

రెండోది న్గోరొంగోరో. దాదాపు 260 చదరపు కిలోమీటర్ల అగ్నిపర్వతపు గిన్నె. నల్ల ఖడ్గమృగం కనిపించే అవకాశం అక్కడే ఎక్కువ. జిరాఫీలు మాత్రం ఆ గిన్నెలోకి దిగవు, వాటిని తరంగీరేలోనే తనివితీరా చూసేయండి. గిన్నె అంచు 2,200 మీటర్లకు పైనే, తెల్లవారుజామున వణికిస్తుంది. కొండకు కొన్న ఉన్ని టోపీ చేతిలో ఉంచుకోండి.

బట్టలు నీలం, నలుపు వద్దు. త్సెత్సే ఈగలు ఆ రంగులకు వస్తాయి, గుడ్డ మీదుగా కూడా కుడతాయి. గోధుమ, మట్టి రంగులు చాలు. మంచి బైనాక్యులర్ ఒకటి, ఎనిమిది రెట్లు చూపించేది, ఇద్దరికీ చెరొకటి ఉంటే ఇంకా మేలు. కెమెరాకు స్టాండు మోయనవసరం లేదు. మందపాటి గుడ్డతో కుట్టించిన ఖాళీ సంచి తీసుకెళ్లి, అక్కడ కిలో రెండు కిలోల బియ్యం కొని నింపి, జీపు అంచు మీద పెట్టి, కెమెరా దాని మీద ఆనించండి. వచ్చేటప్పుడు ఆ బియ్యం ఎవరికైనా ఇచ్చేయవచ్చు. పాలిథిన్ సంచుల్లో సామాను సర్దే అలవాటు ఉంటే మానుకోండి, 2019 జూన్ నుంచి టాంజానియాలో వాటిని తేవడమే నిషేధం.

బ్రాడీపేట లెక్కల టీచరు:

అందరికీ చేతులెత్తి నమస్కారం. తమ్ముడితో మాట్లాడాను. మే వద్దనుకున్నాం, దసరాకు లెమోషో ఎనిమిది రోజులు. హెచ్‌ఎంగారిని సెలవు కూడా అడిగేశాను.

ఇంకా మూడు సంగతులు మనసులో ఉన్నాయి. నేను మధ్యలో దిగిపోవలసి వస్తే తమ్ముడు కూడా దిగిపోవాలా? అది తలచుకుంటేనే బెంగగా ఉంది. తిండి సంగతి ఎవరూ చెప్పలేదు. మన సామాను వేరేవాళ్లు మోస్తూ ఉంటే మనం ఖాళీ చేతులతో నడవడం నాకు మనస్కరించడం లేదు.

పటమట పాదచారి:

అమ్మా, మొదటిదానికి బెంగ వద్దు. అక్కడ గైడు లేకుండా ఎవరినీ ఎక్కనివ్వరు. ముఖ్య గైడుతో పాటు సహాయ గైడు కూడా ఉంటే, ఒకరు మీతో దిగుతారు, ఒకరు తమ్ముడితో వెళతారు. ఇద్దరికి ఇద్దరు గైడులు ఉంటారని సంస్థ చేత రాయించుకోండి. మీరిద్దరూ కూడా ఇంట్లో ఉండగానే ఒక మాట అనుకోండి: గైడు దిగమంటే దిగాలి, రెండోవారు ఆగకూడదు. ఆ మాట ఇక్కడే అనుకోవాలి. అయిదు వేల మీటర్ల పైన బుర్ర సరిగా పనిచేయదు, అభిమానం అడ్డొస్తుంది, తలనొప్పిని దాచిపెడతారు. దయచేసి దాచకండి. రోజూ రాత్రి గైడు అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

తిండికి లోటు ఉండదు. వంటవాడు వెంటే వస్తాడు. శాకాహారమని, గుడ్డు తింటారో లేదో కూడా ముందే రాసి పంపండి. సూపు, అన్నం, కూరగాయల పులుసు, చపాతీ, గంజి వంటివి వేడివేడిగా పెడతారు. ఇబ్బంది వేరే ఉంది: నాలుగు వేల మీటర్లు దాటాక ఆకలి చచ్చిపోతుంది, ఏది చూసినా వెగటు. అప్పుడు పనికొచ్చేది మన నిమ్మకాయ పచ్చడి. చిన్న డబ్బాలో కొద్దిగా, నూనె కారకుండా బిగించి పట్టుకెళ్లండి. కందిపొడి కూడా. వేరుశనగ పట్టీలు, ఎండు ఖర్జూరం జేబులో ఉండాలి, శిఖరం రాత్రి గంటకొకసారి చిన్న ముక్క నోట్లో వేసుకోవాలి. నీళ్లు రోజుకు మూడు లీటర్లు, దాహం వేయకపోయినా.

పోర్టర్ల గురించి మీరు అడిగినందుకు సంతోషం, చాలామంది అడగరు. ఆ కొండ చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలకు అదే జీవనాధారం, కాబట్టి మోయించుకోవడంలో తప్పు లేదు. న్యాయంగా మోయించుకుంటున్నామా అన్నదే చూడాలి. ఒక్కొక్కరి మోత ఇరవై కిలోలు దాటకూడదు. గేటు దగ్గర తూకం వేస్తారు, మీరు పక్కన నిలబడి చూడండి. మీ సంచి పదిహేను కిలోలు మించనివ్వకండి, గట్టి సూట్‌కేసు కాకుండా మెత్తటి సంచి తీసుకోండి. కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అని పోర్టర్ల జీతం, తిండి, గుడారాలు సరిగా ఉన్నాయో లేదో చూసే సంస్థ ఒకటి ఉంది. దానితో భాగస్వామ్యం ఉన్న టూర్ సంస్థను ఎంచుకోండి, ధర కొంచెం ఎక్కువైనా సరే. చివరి రోజు ఇచ్చే బహుమానం అందరి ఎదుట, ఎవరికి ఎంతో చదివి, చేతికి చేతికి ఇవ్వండి. డాలరు నోట్లు 2006 తర్వాత అచ్చయినవి, చిరుగు లేనివి తీసుకెళ్లండి, పాతవి అక్కడ పుచ్చుకోరు.

బూట్లు ఇప్పుడే కొనండి, వేలు పట్టేంత వదులు ఉండేలా. దసరా దాకా బడికి కూడా అవే వేసుకుని వెళ్లండి. విమానంలో వాటిని సామానులో వేయకుండా కాళ్లకే తొడుక్కోండి. సంచి తప్పిపోతే మిగతావన్నీ మోషీలో అద్దెకు తీసుకోవచ్చు, పాదానికి అలవాటైన బూటు దొరకదు. లోపలి బట్టలు నూలువి వద్దు, చెమటకు తడిసి ఒంటికి అంటుకుని చలి పుట్టిస్తాయి.

ఇన్సూరెన్స్ పత్రంలో ఎత్తు పరిమితి చదవండి. చాలా పాలసీలు మూడు నాలుగు వేల మీటర్ల దగ్గరే ఆగిపోతాయి. ఆరు వేల మీటర్ల వరకు, హెలికాప్టర్‌లో దించే ఖర్చుతో సహా ఉన్నది కావాలి. టూర్ సంస్థకు ఇవాళే ఉత్తరం రాయండి: గైడులు ఎందరు, వెంట ఆక్సిజన్ సిలిండరు ఉంటుందా, రోజూ రెండు పూటలా ఆరోగ్యం చూస్తారా, పోర్టర్లకు రోజుకు ఎన్ని పూటలు భోజనం, కరంగాలో రాత్రి ఉంటుందా లేదా. వీటికి రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా అడ్వాన్సు కట్టకండి.